నడినెత్తి సూర్యుడికి ఒక పూత

ఏటా మే 6, 7 తేదీల్లో, మధ్యాహ్నం 12 గంటల 4 నిమిషాల ప్రాంతంలో, విజయవాడ వన్ టౌన్‌లో నిటారుగా నిలిచిన దేనికీ నీడ పడదు. ఊరు భూమధ్యరేఖకు ఉత్తరంగా పదహారున్నర డిగ్రీల దూరంలో ఉంది. ఆ రోజుల్లో సూర్యుడూ అంతే దూరం ఉత్తరానికి జరిగి సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర బస్తాలు దించే ముఠా కూలీ నీడ అతని కాళ్ల కిందే ముడుచుకుపోతుంది. వస్త్రలత నుంచి బట్టల బేళ్లు తోలుకెళ్లే రిక్షావాళ్లకు ఒరిగి నిలబడదామన్నా గోడ నీడ దొరకదు.

అయినా అప్పటికి ఇంద్రకీలాద్రి బండలు పూర్తిగా కాగవు. వేడి తారస్థాయికి చేరేది రెండు, నాలుగు గంటల మధ్య. అందుకే మూడింటికి షట్టర్ సగం దించి కూర్చునే వ్యాపారి, పదకొండున్నరకు మాత్రం ఎండ ఇంకా ముదరలేదులే అనుకుని బండి తీస్తాడు. చర్మం లెక్క వేరు. దాన్ని కమిలించేది వేడి కాదు, కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు. సూర్యుడు ఎంత నిట్టనిలువుగా ఉంటే అవి వాతావరణంలో అంత తక్కువ దూరం ప్రయాణించి అంత పదునుగా దిగుతాయి. వాటికి మిట్టమధ్యాహ్నమంటే పన్నెండే.

వేడి వేరు, చర్మాన్ని కాల్చే కిరణం వేరు అని తెలుసుకోవడంతోనే సన్‌స్క్రీన్ కథ మొదలైంది. 1801లో జర్మనీలో యోహాన్ రిట్టర్ సూర్యకాంతిని రంగులుగా విడగొట్టి, వెండి క్లోరైడ్ పూసిన కాగితాన్ని ఆ రంగుల్లో ఉంచాడు. ఊదా రంగుకు అవతల, ఏ వెలుగూ కనబడని చోట, కాగితం అన్నిటికన్నా త్వరగా నల్లబడింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లలోపే ఇంగ్లండు వైద్యుడు ఎవరార్డ్ హోమ్ తన చేతుల మీదే పరీక్ష చేసుకున్నాడు. రెండు చేతులూ ఎండలో పెట్టి, ఒకదాని మీద నల్లటి ఉన్ని గుడ్డ కప్పి, రెండోదాన్ని అలాగే వదిలేశాడు. రెండింటి మీదా ఉష్ణమాపకాలు ఉంచాడు. నల్ల గుడ్డ కింద వేడి 106 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పెరిగింది, గుడ్డ లేని చేతి మీద 98 దగ్గరే ఆగింది. కందిపోయింది మాత్రం తక్కువ వేడి తగిలిన చెయ్యే. గుడ్డ కింది చర్మం చెక్కుచెదరలేదు. ఎండలో నల్లవాళ్ల చర్మానికి దొరికే రక్షణ ఏమిటో తేల్చడానికే హోమ్ ఈ పరీక్ష చేశాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా కృష్ణా తీరపు వేసవిని అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా తేలికైన ప్రయోగం కనబడదు.

ఆ అదృశ్య కిరణాలే చర్మాన్ని కాలుస్తాయని 1889లో స్వీడన్ వైద్యుడు విడ్మార్క్ రుజువు చేశాడు. చర్మక్షయకు కాంతి చికిత్స కనిపెట్టి 1903లో నోబెల్ అందుకున్న డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ముంజేతి మీద నల్ల సిరాతో ఒక పట్టీ గీసుకుని ఎండలో కూర్చున్నాడు. సిరా కింది చర్మం తెల్లగానే ఉంది, చుట్టుపక్కలంతా ఎర్రబడి, కొన్నాళ్లకు గోధుమ రంగుకు తిరిగింది. తర్వాత సిరా లేకుండా మళ్లీ అదే చేతిని ఎండకు పెట్టాడు. ఈసారి కందింది మునుపు తెల్లగా మిగిలిన ఆ పట్టీయే. రంగు తేలిన భాగానికి ఏమంత కాలేదు. చర్మం తనకు తానే తయారుచేసుకునే మెలనిన్ కూడా ఆ సిరా చేసిన పనే చేస్తోందన్నమాట.

ఇక మిగిలింది ఆ సిరాను నల్లగా కాకుండా, కంటికి కనబడకుండా చేయడమే. 1891 ప్రాంతంలో జర్మనీలో మలేరియా మందు క్వినైన్‌ను లేపనంగా వాడి చూశారు. 1928కల్లా అమెరికాలో బెంజైల్ శాలిసిలేట్, బెంజైల్ సిన్నమేట్ కలిపిన పూత అంగళ్లకు వచ్చింది. 1930ల మధ్యలో ఫ్రాన్స్‌లో లోరియల్ సంస్థాపకుడు యూజీన్ షూలర్ సముద్రతీర విహారాలకు వెళ్లేవాళ్ల కోసం ఒక నూనె తెచ్చాడు. 1938లో ఆల్ప్స్ పర్వతాల్లో పిజ్ బ్విన్ శిఖరం ఎక్కుతూ ఒళ్లు కాల్చుకున్న ఆస్ట్రియా విద్యార్థి ఫ్రాంజ్ గ్రైటర్, 1946లో మంచుకొండల కోసమంటూ తన క్రీమును విడుదల చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలో చిక్కుపడే అమెరికన్ సైనికులకు ఎర్రటి, జిగటైన పెట్రోలియం లేపనం ఇచ్చేవారు. మయామీలో మందుల తయారీదారు బెంజమిన్ గ్రీన్ 1944లో దాన్నే కాస్త మెత్తబరచి, కొకో వెన్న కలిపాడు. అదే తర్వాత కాపర్‌టోన్ అయింది.

వీళ్లందరి దృష్టిలో ఉన్నది ఒకే రకం మనిషి: తెల్లటి చర్మంతో సెలవుల్లో ఎండ కోసం వెతుక్కుంటూ వెళ్లి ఎర్రగా కందిపోయేవాడు. పొట్టకూటి కోసం ఎండలో నిలబడి, కందడానికి బదులు నల్లబడి మచ్చలు తేలే మనిషి ఆ లెక్కలోకి రాలేదు. సన్‌స్క్రీన్ సీసా మీద ఇవాళ్టికీ ఆ ముద్ర ఉంది.

ఈ కథలో గోదావరి జిల్లా మనిషి పని ఒక చోట తగులుతుంది. 1943లో అమెరికాలో పారా అమైనో బెంజోయిక్ ఆమ్లానికి సన్‌స్క్రీన్‌గా పేటెంట్ వచ్చింది. పాబా అని ముద్దుపేరు. తర్వాతి ముప్పై ఏళ్లూ లోషన్లను ఏలింది అదే. సరిగ్గా ఆ కాలంలోనే, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు అధిపతిగా ఉన్నారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి, మరుసటి ఏడు దాని నిర్మాణాన్ని విప్పి చూపింది. ఆ అణువుకు ఒక కొస టెరిడిన్, మరో కొస గ్లుటామిక్ ఆమ్లం. ఆ రెంటినీ కలుపుతూ నడుమ ఉన్నది పాబాయే.

1978లో బ్రాండా, ఈటన్ అనే శాస్త్రవేత్తలు మనిషి రక్తంలోని ఫోలేట్, అంటే ఫోలిక్ ఆమ్లపు రూపం, అతినీలలోహిత కాంతికి విరిగిపోతోందని చూపారు. గర్భస్థ శిశువు వెన్నుపాము సక్రమంగా ఏర్పడాలంటే ఫోలేట్ ఉండి తీరాలి. ఉష్ణమండలంలో మనుషుల చర్మం నల్లగా స్థిరపడటానికి ఈ ఫోలేట్‌ను కాపాడుకోవడం ఒక ముఖ్య కారణమని 2000లో నీనా జబ్లాన్‌స్కీ, జార్జ్ చాప్లిన్ ప్రతిపాదించారు. చామనఛాయ అంటే చిన్నచూపు చూసే పెళ్లిచూపుల సంస్కృతికి ఈ ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. ఆ రంగు లోపం కాదు, వేల తరాల ఎండకు శరీరం తయారుచేసుకున్న కవచం. పాబా మాత్రం చొక్కాలకు పసుపు మరకలు అంటిస్తూ, కొందరికి అలర్జీ తెస్తూ 1980ల నాటికి అంగళ్ల నుంచి దాదాపు తప్పుకుంది.

సీసా మీద ఉండే ఎస్‌పీఎఫ్ అంకెకు 1970లలో ప్రచారం తెచ్చింది మళ్లీ గ్రైటరే. దాన్ని కొలిచే తీరు ఇలా ఉంటుంది. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ల వీపు మీద చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున క్రీము పూసి, సూర్యుణ్ణి అనుకరించే దీపంతో చిన్న చిన్న గడులుగా కాంతి వేస్తారు. మర్నాడు ఏ గడి ఎర్రబడిందో చూస్తారు. క్రీము లేని చర్మం ఎర్రబడటానికి పట్టిన కాంతికన్నా ఎన్ని రెట్లు ఎక్కువ పట్టిందో అదే ఎస్‌పీఎఫ్. ఎరుపు స్పష్టంగా కనబడాలి కాబట్టి ఈ పరీక్షలకు లేత రంగు చర్మం ఉన్నవాళ్లనే ఎంచుకుంటారు. 2024లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ మనిషి వీపు అక్కర్లేకుండా ప్లాస్టిక్ పలకల మీద కొలిచే పద్ధతిని కూడా ఆమోదించింది. దాన్ని సరిచూసుకున్నది మాత్రం పాత పద్ధతి అంకెలతోనే.

ఎస్‌పీఎఫ్ 15 ఎరుపు తెచ్చే కిరణాల్లో 93 శాతాన్ని ఆపుతుంది, 30 అయితే 97, 50 అయితే 98. కాబట్టి 30కీ 50కీ మధ్య తేడా కోసం తపించనక్కర్లేదు. తపించాల్సింది పూసే పరిమాణం గురించి. పరీక్షలో పూసినంత మందంగా ఇంట్లో ఎవరూ పూయరు. సగం పూస్తే రక్షణ సగానికో, అంతకన్నా కిందికో పడిపోతుంది. చూపుడువేలు, నడిమివేలు రెండింటి పొడవునా క్రీము పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. శనగగింజంత తీసుకుని ముఖమంతా లాగితే సీసా మీద అంకె ఎంతైనా ఒకటే.

మన చర్మానికి అసలు చూడాల్సిన గుర్తు ఎస్‌పీఎఫ్ పక్కన ఉంటుంది. 1996లో జపాన్ సౌందర్య సాధనాల పరిశ్రమ పీఏ అనే కొలత తెచ్చింది. ఇది ఎరుపును కాదు, నలుపును కొలుస్తుంది. యూవీఏ అనే పొడవాటి కిరణాలు సోకాక రెండు గంటల తర్వాత కూడా నిలిచే నల్లదనాన్ని క్రీము ఎంత ఆపిందో ప్లస్ గుర్తులతో చెబుతుంది. 2013 నుంచి నాలుగు ప్లస్సుల దాకా ఇస్తున్నారు. వన్ టౌన్ మందుల షాపులో నిలబడ్డ చామనఛాయ మనిషి ముందు చదవాల్సింది ఈ ప్లస్సులనే.

యూవీఏ ఎంత మొండిదో 2012 ఏప్రిల్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన ఒక ఫొటో చూపింది. 28 ఏళ్లు సరుకుల ట్రక్కు నడిపిన 69 ఏళ్ల అమెరికన్ ముఖం అది. కిటికీ వైపున్న ఎడమ చెంప లోతైన ముడతలతో దళసరి తోలులా వేలాడుతోంది. కుడి చెంప చూస్తే వయసు ఎంతో తక్కువ అనిపిస్తుంది. మామూలు కిటికీ అద్దం పొట్టి అతినీలలోహిత కిరణాలైన యూవీబీని ఆపుతుంది, యూవీఏను చాలావరకు వదిలేస్తుంది. ఆటోనగర్ నుంచి లారీలు తోలే మన డ్రైవర్లకు స్టీరింగ్ కుడివైపు కాబట్టి దెబ్బ తగిలేది కుడి చెంపకు, కుడి ముంజేతికి. అదే నెలలో మన సుప్రీంకోర్టు వాహనాల అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించడాన్ని నిషేధించింది. ఆ అడ్డు కూడా లేదు కాబట్టి లారీలో ఫుల్‌హ్యాండ్స్ చొక్కాయే గతి.

మన దేశంలో మగవాళ్ల దగ్గరికి సన్‌స్క్రీన్ తిన్నగా రాలేదు, తెల్లబరిచే క్రీము ముసుగేసుకుని వచ్చింది. హిందుస్థాన్ లీవర్ 1975లో తెచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీలో ఎండను ఆపే పదార్థాలు ఉండేవి. ఇంట్లో అక్కచెల్లెళ్ల ట్యూబు చాటుగా రాసుకునే కుర్రాళ్లు అంతటా ఉండటం చూసే 2005లో ఇమామీ మగవాళ్ల కోసం ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ తెచ్చింది. 2020లో హిందుస్థాన్ యూనిలీవర్ తన క్రీము పేరులోంచి ఫెయిర్ అన్న మాట తీసేసింది. ఆ ఆశ మాత్రం పోలేదు. దాన్ని ఆసరా చేసుకుని స్టిరాయిడ్ కలిసిన పూతమందులు ముఖాల మీదికి ఎక్కాయి. మొదట్లో మెరుపు వస్తుంది, నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, ఎర్రబడి, ఎండ సోకితే మంటెత్తుతుంది. 2018లో కేంద్రం వీటిలో చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని తేల్చింది. అయినా చీటీ అడగకుండా ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. కొనకుండా ఉండాల్సింది మనమే.

నిమ్మకాయ గురించి కూడా చెప్పాలి. ఎండకు నల్లబడ్డ ముఖానికి నిమ్మరసం పూయమని సలహా ఇచ్చేవాళ్లు వీధివీధికీ ఉంటారు. నిమ్మరసంలో, తొక్కలో ఫ్యూరోకూమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ సోకితే పొక్కులు లేచి, నెలల తరబడి పోని నల్లటి చారలు మిగులుతాయి. రోజంతా నిమ్మసోడా కలిపేవాళ్ల వేళ్ల మీద ఆ చారలు చూడొచ్చు. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఎండలోకి వెళ్లాలి.

సన్‌స్క్రీన్ పూసుకునేటప్పుడు మగవాళ్లు కొన్ని చోట్లు మరిచిపోతారు. చెవుల పైఅంచు, మెడ వెనక, బట్టతల, కింది పెదవి. గడ్డం ఉంటే జిడ్డు క్రీము అంటుకుపోతుంది కాబట్టి జెల్ రకం నయం. చెమట ఓడే మే నెలలో రెండు గంటలకోసారి మళ్లీ పూయాలి, పదిహేను నిమిషాల ముందే పూసుకుని బయల్దేరాలి. ముఠా కూలీకి రోజుకు అన్నిసార్లు పూయడం కుదిరే పని కాదు, ఆ ఖర్చూ భరించలేడు. అతనికి బట్టే ఆధారం. అయితే భుజం మీద వేసుకునే పలచటి తెల్ల తువ్వాలు తడిస్తే కిరణాలను ఇంకా ఎక్కువగా లోపలికి వదులుతుంది. వడదెబ్బ తగలకుండా తడి గుడ్డ కావాలి, చర్మం కమలకుండా పొడి గుడ్డ కావాలి. తల మీద తడి తువ్వాలు, ఒంటి మీద ముదురు రంగు, నేత దగ్గరగా ఉన్న పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే రెండూ కుదురుతాయి.

మంగు మచ్చలు ఆడవాళ్ల జబ్బని అనుకుంటారు. మన దేశంలో 200 మంది మంగు రోగులను పరిశీలించిన ఒక అధ్యయనంలో 41 మంది మగవాళ్లే. ఈ మచ్చలను ముదిరించేది అతినీలలోహితం ఒక్కటే కాదు, కంటికి కనిపించే వెలుగు కూడా. దాన్ని మామూలు పారదర్శక సన్‌స్క్రీన్ ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్ కలిపి గోధుమ రంగు తెచ్చిన క్రీములే ఆపగలవు. కొన్ని సన్‌స్క్రీన్‌లలో ఉండే జింక్ ఆక్సైడ్ మన ముఖాల మీద సున్నం కొట్టినట్టు తెల్లగా తేలే ఇబ్బంది కూడా వాటితో తగ్గుతుంది. టింటెడ్ అని రాసి ఉండే ఈ ట్యూబులు దుకాణాల్లో సాధారణంగా ఆడవాళ్ల అలంకరణ సామగ్రి పక్కన ఉంటాయి. మంగు ఉన్న మగవాడు అక్కడికే వెళ్లి, తన రంగుకు దగ్గరగా ఉన్నది చెంప మీద రాసి చూసుకుని కొనుక్కోవాలి.