మాంసం మానమనే వాళ్లు పప్పు సంగతి చెప్పరేం?

ఈ మధ్య ఆసుపత్రికి పోయినా, టీవీ పెట్టినా ఒకటే మాట వినిపిస్తున్నది. మాంసం తగ్గించండి, పప్పులు తినండి, ఆకుకూరలు తినండి, జొన్నలూ రాగులూ తినండి అని. షుగరు, బి.పి., గుండె జబ్బు ఊళ్లలోకి కూడా వచ్చి కూర్చున్నాయి గనుక ఈ మాట మన వాడలకూ చేరింది. కూలీల సమావేశాల్లో సైతం "ఇది నిజమేనా? మనం కూడా మానాలా?" అని అడుగుతున్నారు. అందుకే ఈ వారం ఈ సంగతి రాస్తున్నాము.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. ఆ సలహా అబద్ధం కాదు. 2019లో ఈట్-లాన్సెట్ అనే అంతర్జాతీయ శాస్త్రవేత్తల సంఘం ప్రపంచమంతటికీ సరిపడే భోజనం ఎలా వుండాలో లెక్క కట్టింది. ప్రపంచం మొత్తం మీద పశుమాంసం, పంచదార వాడకం సగానికి పైగా తగ్గాలనీ, పప్పులు, కూరగాయలు, పండ్లు, గింజలు రెట్టింపు కావాలనీ చెప్పింది. మనిషికి ఏడాదికి నూరు కిలోలకు పైగా మాంసం సరఫరా అయ్యే అమెరికా వంటి దేశాలకు ఇది చెప్పవలసిన మాటే.

అయితే మరుసటి ఏడాది, 2020లో, మరికొందరు పరిశోధకులు అదే భోజనానికి బజారు ధర కట్టి చూశారు. ప్రపంచంలో 158 కోట్ల మంది తమ రోజు రాబడి మొత్తం పోసినా ఆ భోజనం కొనలేరని తేలింది! మాంసం మానమని చెప్పడం తేలికే. మానిన తర్వాత పళ్లెంలోకి వచ్చేదేమిటి, దాన్ని ఎవరు పండించాలి, ఏ ధరకు ఇవ్వాలి? అసలు ప్రశ్న ఇక్కడ వుంది.

పందుల మేత మనుషులకు పెట్టిన దేశం

ఒక దేశం మొత్తం మాంసం నుంచి మొక్కల భోజనానికి మళ్లిన సంఘటన చరిత్రలో వుంది. అది డెన్మార్క్. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆ చిన్న దేశం బయటి నుంచి ధాన్యం, తెలగపిండి తెప్పించుకుని పందులనూ ఆవులనూ మేపేది. పంది మాంసం, వెన్న ఇంగ్లండుకు అమ్ముకునేది. 1917లో జర్మన్ జలాంతర్గాములు ఓడలను ముంచడం, అమెరికా యుద్ధంలో దిగడంతో ఆ ధాన్యం రావడం ఆగిపోయింది. దేశంలో వున్న గింజలు పందులకు పెట్టాలా, మనుషులకు పెట్టాలా అన్న ప్రశ్న వచ్చింది.

అప్పుడు ప్రభుత్వానికి సలహా చెప్పినవాడు మిక్కెల్ హిందెదె అనే వైద్యుడు. ఆయన లెక్క చాలా సులువు. కిలో పంది మాంసం తయారు కావాలంటే అంతకు ఎన్నో రెట్లు బార్లీ, ఆలుగడ్డ పందికి పెట్టాలి. ఆ బార్లీని మనుషులే తింటే ఎన్నో రెట్ల మంది బతుకుతారు. ప్రభుత్వం ఆ దారి పట్టింది. పందుల సంఖ్య బాగా తగ్గించారు. తవుడు తీయని పిండితో రొట్టె చేయించి, రేషను పెట్టి పంచారు. బార్లీ జావ, ఆలుగడ్డలు, ఆకుకూరలు, పాలు, కొద్దిగా వెన్న - జనం ముఖ్య భోజనం ఇదే. సారా తయారీని కూడా బాగా కట్టడి చేశారు.

ఫలితం? 1917 అక్టోబరు నుంచి ఏడాది కాలంలో వెయ్యికి 10.4 మంది మాత్రమే చనిపోయారనీ, అంత తక్కువ మరణాలు అంతవరకు ఐరోపాలో ఎక్కడా నమోదు కాలేదనీ హిందెదె 1920లో అమెరికా వైద్య సంఘం పత్రికలో రాశాడు. సారా తగ్గడం కూడా ఇందుకు తోడ్పడి వుంటుంది. కాని తవుడు రొట్టె, జావ తిని జనం చచ్చిపోలేదు సరిగదా, బలంగానే వున్నారు.

పక్కనే వున్న జర్మనీలోనూ మాంసం కరువైంది. అక్కడ 1916-17 చలికాలాన్ని ఇప్పటికీ "టర్నిప్ చలికాలం" అంటారు. ఆలుగడ్డ కూడా దొరక్క, పశువులకు వేసే దుంపలు తిని జనం బతికారు. డబ్బున్న వాళ్లకు దొంగ బజారులో అన్నీ దొరికాయి. పేదలు ఎండిపోయారు.

రెండు చోట్లా మాంసం తగ్గింది. ఒక చోట ఆరోగ్యం వచ్చింది, ఒక చోట ఆకలి వచ్చింది. తేడా ఎక్కడుంది? దిగ్బంధం దెబ్బ జర్మనీకి ఎక్కువ తగిలిన మాట నిజమే. కాని డెన్మార్క్‌లో మాంసం పోయిన చోటికి మంచి తిండి వచ్చింది, అది అందరికీ అందింది. ఈ మాట గుర్తు పెట్టుకుని మన వంటింటికి వద్దాం.

మన పళ్లెంలో మాంసం ఎంత?

2014లో కేంద్రం జరిపిన నమూనా సర్వే ప్రకారం తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి 98 మంది మాంసాహారులే. ఈ లెక్క చూసి తెలుగువాళ్లు పొద్దస్తమానం మాంసం తింటారనుకునే పెద్దమనుషులున్నారు. అది "తింటారా, తినరా" అని అడిగిన లెక్క. "ఎన్ని ముక్కలు?" అని అడిగింది కాదు.

నాట్లకు పోయే ఆడకూలీ సద్దిగిన్నె మూత తీసి చూడండి. అన్నం, దాని మీద ఇంత తొక్కు, ఒక ఉల్లిగడ్డ. రాత్రికి చారో, పచ్చిపులుసో. ఆదివారం నాడు కోడి తెస్తే ఇంటిల్లిపాదీ పంచుకోవాలి. పిల్లలకు ముక్కలు, మగవాళ్లకు ముక్కలు, వండినామెకు గిన్నె అడుగున మిగిలిన పులుసు. ఈమెతో "అమ్మా, మాంసం మానెయ్యి" అంటే నవ్విపోతుంది. ఆమె ఏనాడో మొక్కల భోజనం మీదే వుంది. కాకుంటే ఆ మొక్క ఒక్కటే - పాలిషు పట్టిన తెల్ల బియ్యం.

దాని ఫలితం మన కళ్ల ముందే వుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత వున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 59 మంది, తెలంగాణలో సుమారు 58 మంది. సగానికి పైగా ఆడవాళ్లు నెత్తురు చాలక వంగి నాట్లు వేస్తున్నారు, పత్తి ఏరుతున్నారు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో మనిషి రోజు భోజనానికి కొలతలు చెప్పింది. ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, ఇంకా పాలు, పండ్లు, పల్లీల వంటి గింజలు. పప్పుకు బదులు కొంత గుడ్డు, మాంసం అయినా సరే. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి పప్పు ఒక్కటే నెలకు పది కిలోలు కావాలి. కిలో నూట ఇరవై వేసుకున్నా పన్నెండు వందల రూపాయలు! ఏడాదిలో ఎన్నో రోజులు పని దొరకని కూలీ ఇంట్లో ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే కిలో పప్పు తెచ్చి, నీళ్లు పోసి, నెలంతా నెట్టుకొస్తారు.

కందులు ఎక్కడికి పోయాయి?

ఇది ఎప్పుడూ ఇట్లానే వుందా? లేదు. మెట్ట పొలాల్లో జొన్నలో కంది సాళ్లు, పక్కన పెసలు, బొబ్బర్లు, అనుములు, గట్టున నువ్వులు వేసేవారు. కోతలకు, నూర్పిళ్లకు కూలి గింజల్లోనే ఇచ్చేవారు. ఆ కూలీలోనూ మోసం వుంది, కొలతలోనూ మోసం వుంది. పాత రోజులు బంగారమని మేము అనడం లేదు. కాని జొన్నలు, కందులు కూలీ ఇంటి కుండలోకి చేరేవి.

ఇప్పుడు ఆ చేలల్లో పత్తి వున్నది. పత్తి తినలేము. మొక్కజొన్న వున్నది. అందులో పెద్ద భాగం కోళ్ల మేతకు పోతుంది, ఈ మధ్య ఇథనాల్ ఫ్యాక్టరీలకూ పోతున్నది. డెన్మార్క్ పందుల కథ మన దగ్గర కోళ్ల కథ అయింది. బాయిలర్ కోడి కిలో బరువు పెరగడానికి దాదాపు రెండు కిలోల మేత కావాలి. ఆ మేత పండించిన కూలీకి వారానికొకసారి ముక్క దొరుకుతుంది, పప్పు మాత్రం దొరకదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మనకు గర్వమే. కాని దేశం కందులను బర్మా నుంచీ, మొజాంబిక్ నుంచీ దిగుమతి చేసుకుంటున్నది. రైతుకు కందికి గిట్టుబాటు లేదు, కూలీకి కొనే శక్తి లేదు. మధ్యలో లాభం ఎవరిదో వేరే చెప్పాలా?

కలుపు మందు ఏం తిన్నది?

ఇంకొక దెబ్బ కనపడకుండా తగిలింది. కలుపు తీసే ఆడవాళ్లు సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు కొంగులో కూర తెచ్చుకునేవాళ్లు. గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మి, దొగ్గలి, చెంచలి - విత్తు వేయకుండానే చేలో మొలిచే కూరలు. పైసా ఖర్చు లేని ఇనుము, సున్నం అది. ఇప్పుడు కలుపు మందు కొడుతున్నారు. ఎకరానికి పది మంది చేసే పని ఒక్కడు డబ్బాతో చేసి పోతున్నాడు. కలుపు తీసే కూలీ పోయింది, ఆ కూలీతో పాటు కొంగులో కూరా పోయింది. మిగిలిన ఆకు తినబోతే మందు భయం. "ఆకుకూరలు తినండి" అని టీవీలో చెప్పే వాళ్లకు ఈ సంగతి తెలుసా?

తిండి పేరుతో కర్ర ఎత్తే వాళ్లు

మొక్కల భోజనం మాట ఎత్తుకుని ఇంకొకరు కూడా వస్తున్నారు. వీళ్లకు మన ఆరోగ్యం పట్టదు. ఎవడు ఏం తింటున్నాడో చూసి కులం, మతం లెక్క కట్టి కొట్టడమే వీళ్ల పని. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను కట్టేసి కొట్టారు. ఆ మరుసటి నెలలోనే మన అమలాపురం దగ్గర కరెంటు షాకుతో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత అన్నదమ్ములపై దాడి జరిగింది. దళితులకూ ముస్లింలకూ గొడ్డు మాంసం చవకగా దొరికిన బలం. దాన్ని లాగేసి చేతిలో పప్పు పెట్టరు, ఉత్త చెయ్యి చూపిస్తారు. పిల్లల బడి భోజనంలో గుడ్డుకు కూడా కొన్ని రాష్ట్రాల్లో అడ్డుపడ్డారు. బలవంతంగా మాన్పించే తిండిని మేము ఆరోగ్యం అనము, పెత్తనం అంటాము. తినాలా, మానాలా అన్నది తినేవాడు తేల్చుకోవలసిన విషయం.

ఇక్కడ శాస్త్రం మాట కూడా చెప్పాలి. బి12 విటమిను మొక్కల తిండిలో దొరకదు. పాలు, గుడ్డు, చేప, మాంసం - వీటిలోనే వుంటుంది. పాలు కొనలేని ఇంట్లో గర్భిణికీ, పసిపిల్లలకూ గుడ్డు మాన్పించడం ద్రోహం.

మనం చేయగలిగింది, చేయించవలసింది

మన చేతిలో వున్నవి ముందు చేద్దాం. ఉలవలు, పెసలు మొలకెత్తించి తినాలి. అన్నంలో తక్కువైన బలం పప్పులో వుంటుంది, రెండూ కలిస్తేనే కండ. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నం వుంది, బియ్యంలో పది దరిదాపులే. పొద్దున టీకి బదులు పిల్లలకు రాగి జావ పోయాలి. ఆకుకూర మీద నిమ్మరసం పిండితే ఇనుము ఒంటికి పడుతుంది, తిన్న వెంటనే టీ తాగితే పట్టదు. ఇంటి వెనక జానెడు జాగా వున్నా మునగ, తోటకూర, అనపపాదు పెట్టాలి. మధుమేహం వున్నవాళ్లు తెల్లన్నం తగ్గించి జొన్నరొట్టె, గటక, సంగటికి మళ్లాలి. గటక పేదవాడి తిండి అని సిగ్గుపడ్డాం. ఇవాళ పట్నంలో దాన్నే పొట్లం కట్టి ఖరీదుకు అమ్ముతున్నారు!

కాని ఇంటి చిట్కాలతో నెలకు పది కిలోల పప్పు రాదు. దానికి పోరాటమే దారి. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చింది. అది చాలా ఇళ్లలో పొయ్యి ఆరకుండా చూసింది, దాన్ని మేము చులకన చేయము. అయితే ఆ చట్టం హామీ ఇచ్చింది గింజలకే, పప్పుకు కాదు. పప్పు ఇవ్వడం అసాధ్యమా? తమిళనాడులో 2007 నుంచి కార్డుకు కిలో కందిపప్పు 30 రూపాయలకు ఇస్తున్నారు. మన ఉమ్మడి రాష్ట్రంలోనే 2013లో "అమ్మహస్తం" పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చారు, కందిపప్పు అందులో వుంది. తర్వాత అది నిలిచిపోయింది. అడిగేవాళ్లు గట్టిగా లేకపోతే ఏదైనా నిలిచిపోతుంది.

చేసి చూపిన వాళ్లూ వున్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత ఆడకూలీలు సంఘాలు కట్టారు. పడావు భూములు సాగులోకి తెచ్చి జొన్న, కంది, కొర్ర, పెసర కలిపి పండించారు. తమ విత్తనం తామే దాచుకున్నారు. తాము పండించిన జొన్నలే తమ ఊరి పేదలకు చవకగా అందేట్టు చేశారు.

అందుచేత ప్రతి ఊరి కూలీ సంఘం ఈ డిమాండ్లను చర్చకు పెట్టాలి. రేషను షాపులో బియ్యంతో పాటు పప్పు, నూనె, జొన్నలు, రాగులు ఇవ్వాలి. కందులు, పెసలు, జొన్నలు మద్దతు ధరకు ఊళ్లోనే కొని, అక్కడి పేదలకే పంచాలి. బడి, అంగన్‌వాడీ భోజనంలో గుడ్డూ వుండాలి, చిక్కని పప్పూ వుండాలి. భూమి లేని వాళ్లకు కూరగాయల సాగుకైనా జాగా ఇవ్వాలి. కూలి రేటు అడిగేటప్పుడు బియ్యం ధర ఒక్కటే కాదు, పప్పు ధర కూడా లెక్కలో వేసి అడగాలి.

మాంసం తగ్గించమని మళ్లీ ఎవరైనా సలహా చెప్పడానికి వస్తే మర్యాదగానే కూర్చోబెట్టండి. సద్దిగిన్నె మూత తీసి చూపించండి. "అయ్యా, ఇందులో పప్పు ఎప్పుడు పోస్తారు?" అని అడగండి.