సబ్‌ఫ్రేమ్: కారు కింది చిన్న చట్రం, దాని రెండో బతుకు

మోటారు బండ్లు పుట్టిన తొలి దశాబ్దాలలో కారు రెండు విడి భాగాలుగా తయారయ్యేది. నిచ్చెన ఆకారపు ఇనుప చట్రం కింద ఉండి ఇంజనునూ ఇరుసులనూ మోసేది, మనుషులు కూర్చునే పెట్టెను దాని మీద బిగించేవారు. 1922లో ఇటలీలో లాన్సియా లాంబ్డా, 1934లో ఫ్రాన్సులో సిట్రోయెన్ ట్రాక్సియాన్ అవాంట్ ఈ విభజనను తొలగించి, కారు శరీరమే బరువంతా మోసే నిర్మాణాన్ని తెచ్చాయి. దీనినే మోనోకాక్ అంటారు. దీనివల్ల బరువు తగ్గింది గాని, ఇంజను అదురూ చక్రాల కుదుపూ నేరుగా పలుచని రేకులోకి పాకసాగాయి. వదిలించుకున్న చట్రం చిన్న రూపంలో మళ్లీ అవసరమైంది, అదే సబ్‌ఫ్రేమ్. మెకానిక్కులలో చాలామంది దీనిని క్రాస్ మెంబరు అంటారు.

చిన్న కారులో దీని అవసరం ఎంతటిదో 1959 ఆగస్టులో బ్రిటన్‌లో విడుదలైన మినీ చూపించింది. దాని రూపకర్త అలెక్ ఇసిగోనిస్ సుమారు 3.05 మీటర్ల పొడవులో నలుగురు కూర్చునే చోటు మిగిల్చేందుకు ఇంజనును అడ్డంగా అమర్చగా, అలెక్స్ మౌల్టన్ ఉక్కు స్ప్రింగులకు బదులు రబ్బరు శంకువులను రూపొందించాడు. చక్రం ఎంతో కదిలినా శంకువు కొద్దిగా మాత్రమే నలిగే మీటల అమరిక కావడంతో, శంకువు మీద పడే బలం చక్రం మీది బరువుకు కొన్ని రెట్లు ఉండేది. ఆ బలం రేకు మీద ఒకే చోట పడకుండా పంచడానికి ముందొకటి, వెనుకొకటి సబ్‌ఫ్రేములు పెట్టారు. అయితే చలికాలంలో ఉప్పు చల్లే బ్రిటిష్ రోడ్ల మీద మినీ వెనుక సబ్‌ఫ్రేమ్ తుప్పుకు పేరుమోసింది. బోల్టులతో ఊడదీయగలిగిన భాగం కాబట్టి, అది తుప్పు పట్టినంత మాత్రాన కారును పారేయవలసిన పని మాత్రం రాలేదు.

అడ్డ ఇంజనూ ముందు చక్రాల చోదనా మన రోడ్ల మీద 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో వ్యాపించాయి. తరువాతి చిన్న కార్లలో ఎక్కువవాటికి ముందుభాగం అడుగున ఉక్కు రేకులను పెట్టెలాగా వెల్డు చేసిన సబ్‌ఫ్రేమ్ ఉంటుంది. చక్రాలను పట్టే కింది ఆర్ములు, స్టీరింగు ర్యాకు, తరచుగా ఇంజను మౌంటు కూడా దానికే బిగుస్తాయి. ఆ పెట్టెలోకి చేరిన బురద తడి ఆరక లోపలినుంచే ఉక్కును తినేస్తుంది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలను కలిపే 42వ జాతీయ రహదారి ప్రాంతపు కారు యజమానికి, అలా తుప్పు తిన్న సబ్‌ఫ్రేము స్థానంలో కొత్త భాగానికి బదులు పాతది చాలనిపిస్తే వెతకవలసిన పెద్ద అంగళ్లు రెండు మహానగరాలలో ఉన్నాయి: చెన్నైలో పుదుపేట, బెంగళూరులో శివాజీనగర్ గుజరీ. కుప్పం ఆ రెండు నగరాల మధ్య రైలు దారి మీదే ఉంది.

ఆ అంగళ్లలో కారు పేరు ఒక్కటే చెబితే చాలదు. ఒకే పేరుతో అమ్ముడైన కారులోనే పెట్రోలు, డీజిలు రకాలకు ఇంజను మౌంటు చోటు మారవచ్చు. పవరు స్టీరింగు ఉన్నదానికీ లేనిదానికీ ర్యాకు రంధ్రాలు వేరుగా ఉండవచ్చు. అందుకే ఛాసిస్ నంబరు చూపి, తయారీ సంస్థ సర్వీసు కేంద్రం నుంచి పార్టు నంబరు తెలుసుకోవడం, పాత భాగాన్ని ఊడదీసి పక్కన పెట్టి పోల్చడం రెండూ అవసరం. మోనోకాక్ కారులో ఛాసిస్ నంబరు సబ్‌ఫ్రేమ్ మీద కాక శరీరం మీదే కొట్టి ఉంటుంది గనుక, భాగం మారినా నంబరు మారదు.

సబ్‌ఫ్రేమును తూకం సరుకుగా చూడడమే కొనేవారు చేసే పెద్ద పొరపాటు. డబ్బు పెట్టేది ఇనుముకు కాదు, రంధ్రాల మధ్య దూరాలకు. ముందు గుద్దుకున్న కారు నుంచి వచ్చినది పైకి నిగనిగలాడుతున్నా కొన్ని మిల్లీమీటర్లు వంగి ఉండవచ్చు. రెండు పక్కలా సమానంగా ఉండే భాగమైతే మూలనుంచి మూలకు టేపుతో కొలిచిన రెండు కర్ణాలు సరిసమానంగా రావాలి, సమానం కానిదైతే ఆ కొలతలను పాతదానితో సరిచూడాలి. చదునైన నేల మీద పెడితే కుంటి మంచంలా ఊగకూడదు. రంధ్రం కోలగా సాగిందా, అతుకుల దగ్గర తరువాత వేసిన వెల్డు ఉందా, కొత్తగా పూసిన నల్లరంగు కింద పొరలు లేస్తున్నాయా అన్నవి సుత్తితో మెల్లగా తట్టీ, వేలితో తడిమీ చూడాలి. చప్పుడు మొద్దుగా వస్తే లోపల తుప్పో మట్టో ఉందని అనుమానించాలి. 2015 డిసెంబరులో చెన్నైలో వచ్చినటువంటి వరదలలో మునిగిన కార్ల భాగాల విషయంలో ఈ పరీక్ష మరింత గట్టిగా చేయాలి.

బిగించేటప్పుడు ఇంజనును పైనుంచి వేలాడదీసి పట్టుకోవాలి. స్టీరింగు చక్రం తిరగకుండా కట్టాలి, లేకుంటే ఎయిర్‌బ్యాగు ఉన్న కారులో చక్రం వెనుకనున్న చుట్టతీగ తెగవచ్చు. రబ్బరు బుష్షులు, బోల్టులు కొత్తవే వాడడం మంచిది. ఆ తరువాత చక్రాల అలైన్‌మెంటు చూపించాలి. చాలా చిన్న కార్లలో సర్దగలిగేది టో, అనగా పైనుంచి చూసినప్పుడు ముందు చక్రాలు లోనికో వెలుపలికో తిరిగిన కోణం, ఒక్కటే. చక్రం నిలువు నుంచి ఎంత వాలిందో చెప్పే క్యాంబరుకు సర్దుబాటు ఉండదు. కాబట్టి ఎడమ కుడి క్యాంబరులు తేడాగా వస్తే బోల్టులు వదులు చేసి, రంధ్రాలలో ఉన్న కొద్దిపాటి ఖాళీ మేరకు సబ్‌ఫ్రేమును పక్కకు జరిపి మళ్లీ కొలుస్తారు. అప్పటికీ తేడా పోకపోతే, చక్రాన్ని పైనుంచి పట్టే స్ట్రట్టూ కింది ఆర్మూ సవ్యంగా ఉన్న పక్షంలో, కొన్న సబ్‌ఫ్రేమే వంకరదని తేలుతుంది.