ఉగ్రస్తంభం అగ్నిపర్వతమా? పాత వీడియోలో తప్పు చెప్పా

అహోబిలం వీడియోలో "ఇవి పాతకాలం అగ్నిపర్వతాలు" అని ఫుల్ కాన్ఫిడెన్స్‌తో చెప్పేశా. తప్పు. బీటెక్ చదివి, చెక్ చేయకుండా అనేశా. సారీ.

ముందు నడక సంగతి. ఆళ్లగడ్డ నుంచి దిగువ అహోబిలం సుమారు 25 కిలోమీటర్లు, ఎగువ అహోబిలం ఇంకో 8. అక్కడ బండి ఆపేసి భవనాశి వాగు వెంట నడవాలి. జ్వాలా నరసింహస్వామి గుడి దగ్గర నీళ్లు కొండపైనుంచి పడుతుంటాయి. ఉగ్రస్తంభానికి అసలు కష్టం ఆ తర్వాతే. దారి అని పేరే గానీ, చాలాచోట్ల చేతులతో రాళ్లు పట్టుకునే ఎక్కాలి. పొద్దున్నే బయల్దేరండి, దారి తెలిసినవాళ్లను తీసుకెళ్లండి. వాన పడితే మాత్రం వద్దు. పైకెక్కాక చుట్టూ నల్లమల తప్ప ఇంకేం కనిపించదు. నాకైతే కాళ్ల నొప్పి అక్కడే మర్చిపోయా.

నరసింహస్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం ఇదేనని భక్తుల నమ్మకం. రాయి విషయానికొస్తే అది క్వార్ట్‌జైట్. వంద కోట్ల ఏళ్లకు ముందే నీళ్ల అడుగున పేరుకున్న ఇసుక, ఒత్తిడికి, వేడికి గట్టిపడి ఇలా అయింది. తర్వాత భూమి కదలికలకు పొరలు ముడతలు పడ్డాయి. పగుళ్లలో వాన నీరు చేరి రాయి విడిపోతూ వచ్చింది, మిగిలింది నిట్టనిలువుగా నిలబడింది. లావా కాదు.

అయితే మన నంద్యాల జిల్లాలో అగ్నిపర్వతం గుర్తు నిజంగానే ఉంది, కొండమీద కాదు, మట్టిలో! బనగానపల్లె మండలం జ్వాలాపురంలో. సుమారు 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలో టోబా పేలింది. రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ఎగిరొచ్చిన బూడిద జుర్రేరు లోయలో తెల్లటి పొరగా పేరుకుంది. తవ్వకాల్లో ఆ పొర కిందా, పైనా రాతి పనిముట్లు దొరికాయి. 2007లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ఇదే. అంత పెద్ద పేలుడు తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికే ఉన్నారని వాళ్ల వాదన.

బాధేంటంటే, ఆ బూడిదను గిన్నెలు తోమే పొడి కోసం తవ్వుకెళ్లారు. పొర ఒకసారి పోతే, కింద ఏముందో పైన ఏముందో ఎవరూ చెప్పలేరు. మీరు వెళ్తే ఫోటో తీసుకోండి, ముక్క మాత్రం తెచ్చుకోకండి.

పాత వీడియో టైటిల్ మార్చేశా.