ఎరువుకుప్పను తాకని వాన

బంగాళా-నాగపూరు రైల్వే కాలమునుండి తెలుగు కుటుంబములకు నెలవైన బిలాసపురమున, అర్పానదికి చేరువనున్న మంగ్లా వంటి పేటలలో, వేసవి ముదిరి ఏటిలో ఇసుకయే మిగిలిననాడు జనులకు బోరునీరే దిక్కు. కావున నగరపాలకుల ఎరువుయార్డు ఎట్టి నేలపై, ఏ వాలున నుండవలెనను ప్రశ్న ఇంజనీర్లకు మాత్రమే విడువదగినది కాదు.

చెత్తను మురుగనిచ్చి ఎరువు చేయుట మేలైన పనియే. కాని వాన కుప్పలమీదుగా పారినప్పుడు, డికాక్షను రంగు దాల్చిన ఆ నీటివెంట నత్రజని, భాస్వరము, లవణములు, సగము మురిగిన పదార్థము కొట్టుకొనివచ్చును. అది చెరువున పడినచో, దానిని తినివేయు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును హరింపగా చేపలు చచ్చి తేలును; నాచు ప్రబలును. నేలలోనికి ఇంకినచో, అందలి నత్రజని నైట్రేటుగా మారి బావులను చేరును. త్రాగునీట లీటరునకు 45 మిల్లీగ్రాములకు మించిన నైట్రేటును మన జాతీయ ప్రమాణము అంగీకరింపదు; అట్టి నీటితో డబ్బాపాలు కలిపి పట్టినచో పసికందు రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని కోల్పోవచ్చును.

పావు ఎకరము, అనగా సుమారు వేయి చదరపు మీటర్ల యార్డుపై 50 మిల్లీమీటర్ల వాన కురిసినచో వచ్చు నీరు 50 వేల లీటర్లు. ఇంత నీటిని మలినము కానిచ్చి పిదప శుద్ధిచేయబూనుటకంటె, కుప్ప దరికే రానీయకుండుట సుకరము గదా! పైన రేకుల కప్పు, ఎగువన వాననీటిని మళ్లించు గట్టు: ముందుగా డబ్బు వెచ్చింపవలసినది వీనిపైననే యని నా అభిప్రాయము.

2016 నాటి ఘనవ్యర్థ నియమములు, కుప్పలు వేయు నేల కాంక్రీటుతో గాని, 50 సెంటీమీటర్ల మందమున దిమ్మిస కొట్టిన బంకమట్టితో గాని నీరింకకుండునట్లు చేయవలెననియు, 1 నుండి 2 శాతము వాలుతో, చుట్టును గచ్చుకాలువలతో నుండవలెననియు విధించినవి. ఆ కాలువల నీటిని తొట్టిలో నిలిపి, ఎండవేళ క్రొత్తకుప్పలపై చల్లవచ్చును. మురుగుటకు కుప్ప బరువులో సగమునకు పైగా తేమ కావలయును గదా. పండిన ఎరువుపై మాత్రము చల్లరాదు, క్రొత్తచెత్తలోని రోగక్రిములు మరల దానికంటును. తేమను తెలిసికొనుటకు యంత్రమేల? గుప్పెడు ఎరువు పిడికిట నొక్కి చూచినచో వ్రేళ్లు చెమర్చిన చాలును. నీరు కారెనా, కుప్పను తిరగవేసి ఎండుటాకులు కలుపవలసినదే.

హైదరాబాదు చెంత జవహర్‌నగర్ డంపింగ్ యార్డునుండి ఊరిన నల్లని ద్రవము మల్కారము చెరువును చెరచిన సంగతి తెలుగువారెరిగినదే. అది ఎరువుయార్డు కాదు. ఏండ్లతరబడి పేరుకొన్న కలగూరచెత్త. అచట పిమ్మట గుట్టను కప్పుటయు, ద్రవమును శుద్ధిచేయుటయు తప్పలేదు. బ్యాటరీలు, రంగుడబ్బాలు తడిచెత్తతో కలసినచో సీసాది లోహములును వానతో దిగును. వానిని ఏ పిడికిటి పరీక్షయు పట్టలేదు. తడి, పొడి చెత్తలను ఇంటికడనే వేరుచేయుడని పారిశుద్ధ్యపు పనివారు మొత్తుకొనుట ఇందులకే.

యార్డునకు దిగువన నుండువారు తమ బోరునీటిని వానలకు ముందొకసారి, వెనుకొకసారి నైట్రేటు పరీక్షకు పంపి, ఆ రెండు అంకెలను సరిపోల్చి చూడవలెను. రెండవది హెచ్చినచో, కాలువ ఎచట పగిలినదో, ఏ తొట్టి పొంగినదో యార్డులో వెదకుమని నగరపాలకులను అడుగుటకు అది చాలును.