సీటు ఒకనాడు, గది మరొకనాడు

ఇంటర్మీడియట్ ఫలితాలు సాధారణంగా ఏప్రిల్‌లో వెలువడుతాయి. ఇంజినీరింగ్ తరగతులు ఆగస్టు వచ్చేవరకు మొదలుకావు. ఈ నడుమ గడిచే మాసాలు పదిహేడు, పద్దెనిమిదేళ్ళ బిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ పరీక్షాకాలమే. పరీక్ష రాసినది బిడ్డ ఒక్కరే అయినా, ఎదురుచూసేది ఇంటిల్లిపాదీ. ర్యాంకు ఎంత? సీటు ఎక్కడ? రుసుము ఎంత? ఉండేది ఎక్కడ? ఈ నాలుగు ప్రశ్నలూ దస్తర్‌ఖాన్ మీద అన్నంతోపాటు పూటపూటా వడ్డనకు వస్తూ ఉంటాయి.

వీటిలో చివరి ప్రశ్నే అనేక ఇండ్లలో మొదటి మూడింటి తలరాతను నిర్ణయిస్తున్నది. మంచి ర్యాంకు వచ్చినా, కన్వీనర్ కోటాలో సీటు దొరికినా, "హాస్టల్ సంగతి ఇంకా తేలలేదు కదా" అన్న ఒక్క మాటతో చదువు ఆగిపోయిన ఆడపిల్లలు మన మహల్లాలలో కొత్త కాదు. తల్లిదండ్రుల భయం అబద్ధం కాదు. దానిని తేలికగా కొట్టిపారేయడం న్యాయమూ కాదు. అయితే ఒక విషయాన్ని గుర్తించాలి. సీటు, వసతి అనేవి రెండు వేర్వేరు నిర్ణయాలు. వాటి గడువులు వేరు, వాటిని తేల్చేవారు వేరు. సీటు ముందు వస్తుంది, గది తరువాత తేలుతుంది. ఈ క్రమాన్ని ముందే తెలుసుకున్న కుటుంబం గది కోసం సీటును పోగొట్టుకోదు.

సీటు గడువు ఎవరి కోసమూ ఆగదు

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ విడతలవారీగా సాగుతుంది. స్లాట్ బుక్ చేసుకోవడం, హెల్ప్‌లైన్ కేంద్రంలో ధ్రువపత్రాల పరిశీలన, వెబ్ ఆప్షన్ల నమోదు, తాత్కాలిక కేటాయింపు, ఆపై ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ - ఇదీ వరుస. సీటు కేటాయించిన తరువాత నిర్ణీత తేదీలోగా రుసుము చెల్లించి సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు రద్దవుతుంది. రీయింబర్స్‌మెంట్ వర్తించి, చెల్లించవలసిన మొత్తం ఏమీ లేకపోయినా ఈ పని మాత్రం తప్పదు. "ముందు హాస్టల్ చూసుకుని తరువాత చేద్దాం" అనుకుని రెండు రోజులు జాప్యం చేసినవారికి ఆ సీటు మళ్ళీ దక్కదు.

మరొక సంగతి. కేటాయింపు జరిగేది ర్యాంకు క్రమంలో. బిడ్డ వంతు వచ్చినప్పుడు, ఆమె ఇచ్చిన జాబితాలో పైనుండి చూసుకుంటూ వస్తూ, ఖాళీగా ఉన్న మొదటి స్థానాన్ని ఇస్తారు. కాబట్టి అందడం కష్టమనిపించే కళాశాలను పైన రాసినంత మాత్రాన కింద రాసినది చేజారదు. ఇష్టం ఏ క్రమంలో ఉన్నదో ఆ క్రమంలోనే రాయాలి. అయితే చేరే ఉద్దేశం ఏమాత్రం లేని కళాశాలను రాయకూడదు. తరువాతి విడతలో మెరుగైన సీటు కోసం ప్రయత్నించి, అది దక్కితే మునుపటి సీటు దానంతట అదే రద్దవుతుంది. వెనుకకు పోవడానికి వీలుండదు. 2025లో తెలంగాణ కౌన్సెలింగ్‌లో నమూనా కేటాయింపు పద్ధతిని ప్రవేశపెట్టారు. ఇటువంటి అవకాశం ఉన్నచోట, అసలు కేటాయింపుకు ముందే ఆప్షన్లను సరిదిద్దుకోవచ్చు.

పత్రాల విషయంలోనూ ముందుచూపు అవసరం. 2007 నాటి చట్టం ప్రకారం సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉన్నది. దానికి కుల ధ్రువపత్రం, రీయింబర్స్‌మెంట్‌కు చెల్లుబాటులో ఉన్న ఆదాయ ధ్రువపత్రం కావాలి. స్లాట్ ముందురోజు మీసేవ కేంద్రానికి పరుగెత్తితే అవి చేతికి రావు. ఆధార్‌లో, పదవ తరగతి మెమోలో పేరు ఒకే విధంగా ఉన్నదో లేదో కూడా వేసవిలోనే చూసుకోవాలి. ఒకచోట "షేక్" ముందు, మరొకచోట వెనుక ఉండటం మన ఇండ్లలో సాధారణమే కదా!

ముందుగా పిలిచే కళాశాలలు

ఈఏపీసెట్ కేటాయింపుకు ముందే కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు, కళాశాలలు ప్రవేశ పత్రం పంపి, "ఈ వారంలోగా కడితేనే సీటు, హాస్టల్ గది కూడా ఖాయం" అని ఫోన్లు చేస్తుంటాయి. గది ఖాయమన్న మాటకు తల్లి మనసు కరుగుతుంది. ఇక్కడ నిదానం అవసరం. ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి, 30 శాతం యాజమాన్య కోటావి. యాజమాన్య కోటాలో చేరినవారికి రుసుము రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ఒక్క గది నిశ్చింత కోసం నాలుగేళ్ళ రుసుము భారాన్ని నెత్తిన పెట్టుకుంటున్నామా అని లెక్క వేసుకోవాలి.

డబ్బు కట్టవలసి వస్తే రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వరాదు. ప్రవేశం రద్దు చేసుకున్న విద్యార్థికి రుసుము తిరిగి ఇవ్వాలనీ, అసలు ధ్రువపత్రాలను సంస్థలు తమ వద్ద అట్టిపెట్టుకోరాదనీ యూజీసీ 2018లో స్పష్టం చేసింది. రద్దు ఎంత ఆలస్యమైతే తిరిగి వచ్చే మొత్తం అంత తగ్గుతుంది. అందుచేత వేరే చోట సీటు ఖాయమైన రోజునే రాతపూర్వకంగా తెలియజేయాలి.

గది ఎందుకు ఆలస్యమవుతుంది

విశ్వవిద్యాలయ హాస్టళ్ళలో గదుల కేటాయింపు సాధారణంగా ప్రవేశాలు పూర్తయిన తరువాతే మొదలవుతుంది. పై తరగతులవారు ఖాళీ చేయాలి, దరఖాస్తులు రావాలి, దూరాన్నీ ప్రతిభనూ చూసి జాబితా కట్టాలి. కనుక జూలైలో ఎవరిని అడిగినా "చేరిన తరువాత చూద్దాం" అనే సమాధానమే వస్తుంది. ఇది నిరాకరణ కాదు. ఆ జాప్యాన్ని అపశకునంగా భావించి సీటు వదులుకోవడమే పొరపాటు.

దీనికి మందు ఒక కాగితం. వెబ్ ఆప్షన్లు ఇవ్వడానికి ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని మూడు గడులు గీయాలి. మొదటి గడిలో కళాశాల పేరు. రెండవ గడిలో అక్కడ ఆశించదగిన వసతి: కళాశాల హాస్టలా, విశ్వవిద్యాలయ హాస్టలా, మైనారిటీ లేదా బీసీ సంక్షేమ శాఖ వారి పోస్ట్‌మెట్రిక్ హాస్టలా? మూడవ గడిలో, అది దొరకకపోతే మొదటి నెల రోజులు ఎక్కడ ఉంటుంది? మూడవ గడి నిండని కళాశాల గురించి ఇప్పుడే విచారించాలి. బోధన్ నుండి హైదరాబాదుకు వెళ్ళే అమ్మాయి విషయంలో ఆ గడిలో "ఖాలా ఇల్లు, నెల రోజులు; ఆపై కళాశాల సమీపంలోని ఉమెన్స్ హాస్టల్" అని రాసి ఉంటే చాలు, సీటు వచ్చిన రోజున ఇంట్లో వాదన ఉండదు.

ప్రైవేటు హాస్టల్ చూసేటప్పుడు యజమానితోనే కాక, అక్కడ ఇప్పటికే ఉంటున్న అమ్మాయిలతో మాట్లాడాలి. రాత్రివేళ వార్డెన్ అక్కడే ఉంటుందా? నీటికి ఇబ్బంది ఉన్నదా? నిప్పు అంటుకుంటే బయటపడే దారి ఏది? నెలలోనే ఖాళీ చేస్తే అడ్వాన్సులో ఎంత తిరిగి ఇస్తారు? గదిలో ప్రశాంతంగా నమాజు చేసుకునే వీలున్నదా? మాంసం హలాల్‌దేనా? రమజాన్‌లో సహరీకి భోజనం దాచి ఉంచుతారా? ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడనవసరం లేదు. ఇవన్నీ కొడుకుల హాస్టల్ విషయంలోనూ అడగవలసినవే. కూతురి గదిని పదిసార్లు చూసి వచ్చే తండ్రి, కొడుకు గదిని ఒక్కసారి కూడా చూడకుండా పెట్టె ఇచ్చి బస్సెక్కించడం సమంజసం కాదు.

బంధువుల ఇల్లు

ఖాలా, మామూ, ఫుప్పూల ఇండ్లు మనకు అల్లాహ్ ఇచ్చిన ఆసరాలు. అయితే "అక్కడే ఉంటుందిలే" అని నాలుగేళ్ళ భారాన్ని మాటమాత్రంగా మోపితే బంధుత్వమూ నలుగుతుంది, బిడ్డా నలుగుతుంది. రెండు గదుల ఇంట్లో ఎదిగిన కజిన్ల నడుమ పర్దాకు ఇబ్బంది. చదువుకునే చోటు కరువు. ఇంటిపని ఎంతవరకు చేయాలో తెలియని సందేహం. కనుక ఎంతకాలమో ముందే చెప్పాలి. ఖర్చులో మన వంతు, వారు వద్దన్నా, పంపాలి. అన్నిటికంటే ముందు, ఆ ఇంటి ఇల్లాలి అభిప్రాయాన్ని విడిగా అడగాలి. వంట చేసేది ఆమె కదా.

అడిగి నిర్ణయించడం

ఇబ్రాహీమ్ (అలైహిస్సలామ్) తన కుమారుని విషయంలో స్వప్నం ద్వారా దైవాజ్ఞ పొందినవారు. అయినప్పటికీ కుమారుని దగ్గరకు వెళ్ళి, అతని అభిప్రాయం ఏమిటో అడిగారని దివ్యఖుర్ఆన్ తెలియజేస్తున్నది. దైవాజ్ఞ ఉన్న ప్రవక్తే కన్నబిడ్డను అడిగినప్పుడు, కంప్యూటర్ సైన్సా, సివిలా, హైదరాబాదా, నిజామాబాదా అన్న విషయంలో మనం అడగకుండా నిర్ణయించడానికి ఆధారమేమున్నది? అడగడమంటే నిర్ణయించి వచ్చి "సరేనా?" అనడం కాదు. బిడ్డ "కాదు" అన్నా వినడానికి సిద్ధపడి అడగడం.

ఇస్తిఖారా విషయంలోనూ ఒక అపోహ ఉన్నది. రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి, దుఆ చేసి, కలలో సూచన వచ్చేదాకా ఆగాలని కొందరు భావిస్తారు. కల రావాలన్న షరతు లేదు. విచారించి, తెలిసినవారిని సంప్రదించి, మేలును అల్లాహ్‌ను కోరి, ముందడుగు వేయడమే దాని సారం. గడువు ముగిసేదాకా కల కోసం ఎదురుచూడటం ఇస్తిఖారా కాదు. ఈ దుఆను తల్లిదండ్రులతోపాటు బిడ్డ స్వయంగా చేయాలి. చదవబోయేది తానే కదా!

డబ్బు చిక్కు

రీయింబర్స్‌మెంట్ బోధనా రుసుముకు సంబంధించినది. ప్రైవేటు హాస్టల్ అడ్వాన్సు, మొదటి నెల అద్దె, మెస్ డిపాజిట్, పుస్తకాలు, ప్రయాణం - ఇవన్నీ ఒకే వారంలో ముంచుకొస్తాయి. ఆ వారంలోనే వడ్డీ వ్యాపారి గుమ్మం గుర్తుకు వస్తుంది. వడ్డీకి దూరంగా ఉండదలచిన కుటుంబం ఈ మొత్తాన్ని ఏప్రిల్‌లోనే లెక్కగట్టి, బంధువుల వద్ద ఖర్జె హసనా అడగడం మేలు. "తిరిగి ఫలానా నెలలో ఇస్తాను" అని కాగితం మీద రాసి ఇవ్వాలి. అప్పు ఒప్పందాన్ని రాసిపెట్టుకోమన్నది ఖుర్ఆన్ బోధనే. ఇంటి ఆర్థిక పరిస్థితిని బిడ్డకు నిజాయితీగా చెప్పాలి. కానీ "నీకోసం ఇంత అప్పు చేశాము" అని ఎత్తిపొడవరాదు.

ఎదురుచూసే మనసు

ఈ రోజులలో బిడ్డ ముఖం చూసి మాట్లాడాలి. ఫలానా చాచా కొడుకు ర్యాంకుతో పోల్చడం, ఇంటికి వచ్చిన ప్రతివారి ముందూ "ఇంకా ఏమీ తేలలేదు" అని నిట్టూర్చడం గాయాన్ని కెలకడమే. సీటు, హాస్టల్ విషయాలకు రోజులో ఒక అరగంట కేటాయించండి. అసర్ నమాజు తరువాత అయితే బాగుంటుంది. మిగతా సమయంలో ఆ ప్రస్తావన వద్దు. ఇంట్లోవారు రోజుకు ఇరవైసార్లు వెబ్‌సైటు తెరిచి చూస్తుంటే బిడ్డకు ధైర్యం ఎక్కడినుండి వస్తుంది?

ఖాళీ రోజులను పనికివచ్చేలా మలచుకోవాలి. బట్టలు ఉతుక్కోవడం, నాలుగు వంటకాలు, నెల ఖర్చు రాసుకోవడం, రైలు టికెట్టు తీసుకోవడం, జ్వరం వస్తే ఏం చేయాలో తెలిసి ఉండటం - ఇవి కూతురికీ, కొడుకుకూ సమానంగా నేర్పవలసినవి. ర్యాగింగ్ ఎదురైతే 1800-180-5522 నంబరుకు ఫోన్ చేయవచ్చని ముందే చెప్పి ఉంచాలి. బిడ్డ అన్నం మానివేసినా, నిద్రకు దూరమైనా, బ్రతుకు మీద విరక్తిగా మాట్లాడినా దానిని ఈమాన్ బలహీనత అని మందలించి వదిలివేయకూడదు. దగ్గర కూర్చుని వినాలి. టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనూ ఉచితంగా సలహా లభిస్తుంది. వైద్యం చేయించుకోవడం సున్నతే.

మహల్లా వంతు

మదీనాకు వలస వచ్చిన దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తొలి మాసాలలో అబూ అయ్యూబ్ అన్సారీ (రజియల్లాహు అన్హు) ఇంట బస చేశారు. ఆ తరువాత మస్జిదె నబవీ ఆవరణలోని సుఫ్ఫా, ఇల్లూ వాకిలీ లేని విద్యార్థులకు నీడ అయింది. విద్య కోసం ఊరు విడిచినవారికి చోటు చూపడం ఆనాటి నుండీ సమాజం పని. నగరంలోని మస్జిద్ కమిటీలు తమ పరిసరాలలోని నమ్మకమైన హాస్టళ్ళ వివరాలు సేకరించి ఉంచితే, అక్కడ చదువుతున్న ఆపాలు కొత్తగా వచ్చే అమ్మాయిలకు వారం రోజులు తోడుగా నిలిస్తే, ఎన్ని సీట్లు నిలబడతాయో!

యాఖూబ్ (అలైహిస్సలామ్) తన కుమారులను దూరదేశానికి పంపుతూ, అందరూ ఒకే ద్వారం గుండా కాక వేర్వేరు ద్వారాల గుండా ప్రవేశించమని జాగ్రత్త చెప్పారు. ఆ వెంటనే, అల్లాహ్ నిర్ణయాన్ని తాను తప్పించలేననీ, ఆయన మీదనే భారం వేశాననీ అన్నారు. బిడ్డను సాగనంపే తండ్రికి ఈ రెండూ కావాలి. మూడు గడుల కాగితం ఒక చేతిలో ఉండాలి, దుఆకై రెండు చేతులూ పైకెత్తాలి. గది తేలడానికి మరో నెల పట్టవచ్చు. ఆ నెల రోజుల కోసం బిడ్డ సీటును వదులుకోకండి.