ఒక్క చలిరాత్రి చాలు! - డెన్వర్ శరత్కాలం గురించి నాలుగు మాటలు

ఇండియాలో ఉన్నన్నాళ్లూ వాతావరణ సూచన అంటే నాకు రేడియోలో ప్రాంతీయ వార్తల చివర వినిపించే రెండు వాక్యాలే. "అక్కడక్కడ జల్లులు పడవచ్చు" అని విని, గొడుగు మర్చిపోయి కాలేజీకి వెళ్లిపోయేవాణ్ణి. మహా అయితే తడిసేవాణ్ణి, అంతే కదా! డెన్వర్ వచ్చిన మొదటి ఏడాదే ఆ నిర్లక్ష్యం ఖరీదు తెలిసొచ్చింది.

సెప్టెంబరు చివరి శనివారం. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి పసుపు రంగు తిరిగిన ఆస్పెన్ చెట్లు చూపిద్దామని లవ్‌లాండ్ పాస్ వైపు బయలుదేరాం. ఇంటి దగ్గర ఎండ కాస్తోంది, 64 డిగ్రీలు (ఈ వ్యాసంలో డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే). నాన్న హాఫ్ చేతుల చొక్కా, అమ్మ చీర మీద పల్చటి శాలువా. కారుకి అరిగిపోయిన టైర్లు. పైకి వెళ్లేసరికి స్నో మొదలైంది, ఒక మలుపులో కారు జారి రోడ్డు పక్కకి ఒరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు కానీ, సాయం వచ్చేదాకా రెండు గంటలు అక్కడే ఉన్నాం. "మంచు చూపిస్తానన్నావు, మంచులో కూర్చోబెట్టావు" అంది అమ్మ. ఇప్పటికీ ఫోన్లో ఆ మాట గుర్తు చేస్తూనే ఉంటుంది.

ప్రతి సెప్టెంబరులోనూ కొత్తగా ఈ ఊరు వచ్చిన మనవాళ్లు అడిగే ప్రశ్నలు మూడు. చలి ఎప్పుడు మొదలవుతుంది? కొండల్లోకి వెళ్లొచ్చా? కరివేపాకు మొక్క లోపల ఎప్పుడు పెట్టాలి? నేను శాస్త్రవేత్తని కాను. అయినా ఇన్నేళ్లుగా చదివి, దెబ్బలు తిని నేర్చుకున్నది చెబుతాను.

సగటుని నమ్ముకుంటే...

డెన్వర్‌లో ఉష్ణోగ్రత మొదటిసారి 32 కి దిగేది సగటున అక్టోబరు మొదటి వారంలో. మొదటి స్నో పడేది సగటున అక్టోబరు మధ్యలో. ఈ రెండు తేదీలూ క్యాలెండర్లో రాసుకుని నిశ్చింతగా ఉండొచ్చు అనుకుంటున్నారా? 2020 సెప్టెంబరు 5న ఇక్కడ 101 డిగ్రీల ఎండ కాసింది. సరిగ్గా మూడు రోజుల తర్వాత, 8వ తేదీన, స్నో పడింది! ఆ మరుసటి ఏడాది, 2021లో, మొదటి స్నో కోసం డిసెంబరు 10 దాకా ఎదురుచూశాం. అంత ఆలస్యంగా రావడం డెన్వర్ రికార్డుల్లోనే మొదటిసారి. ఇలాంటి ఏళ్లన్నీ కలిపి తీసిందే ఆ సగటు.

ఇక క్లైమేట్ ప్రిడిక్షన్ సెంటర్ వాళ్లు ప్రతి నెలా మూడో గురువారం విడుదల చేసే మూడు నెలల అంచనా ఒకటి ఉంది. మ్యాప్ మీద మన రాష్ట్రం ఎర్రగా కనిపిస్తే "ఈసారి చలి ఉండదట" అని మనలో మనం చెప్పుకుంటాం. అది చెప్పేది అది కాదు. వాళ్లు వెనకటి ముప్పై ఏళ్ల లెక్కని మూడు సమాన భాగాలు చేస్తారు: వెచ్చన, మామూలు, చల్లన. ఏ సూచనా లేకపోతే ఒక్కోదానికి 33 శాతం. వెచ్చగా ఉండే అవకాశం 45 శాతం అన్నారనుకోండి, చల్లగా ఉండే అవకాశం ఇంకా 22 శాతం మిగిలే ఉంటుంది.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి. ఒక రోజు మామూలు కంటే 20 డిగ్రీలు చల్లబడినా, 91 రోజుల సగటులో ఆ తేడా పావు డిగ్రీ కూడా రాదు. అంటే అంచనా నూటికి నూరుపాళ్లు నిజమై, శరత్కాలమంతా వెచ్చగా గడిచినా, మధ్యలో ఒక్క రాత్రి మీ తోటని మాడ్చేసి పోవచ్చు. మూడు నెలల అంచనా హీటింగ్ బిల్లు ఊహించుకోవడానికి పనికొస్తుంది. మొక్కలకీ, ప్రయాణాలకీ మాత్రం నేషనల్ వెదర్ సర్వీస్ బౌల్డర్ ఆఫీసు రోజూ ఇచ్చే సూచనే చూడాలి.

కొండ మీద లెక్క వేరు

డెన్వర్ ఎత్తు 5,280 అడుగులు. లవ్‌లాండ్ పాస్ దాదాపు 12,000 అడుగులు. ప్రతి వెయ్యి అడుగులకీ ఉష్ణోగ్రత సుమారు మూడున్నర డిగ్రీలు తగ్గుతుంది, గాలి బాగా పొడిగా ఉంటే ఐదు డిగ్రీల పైనే. ఆ లెక్కన ఇక్కడ 60 ఉంటే అక్కడ గడ్డకట్టే చలికి కాస్త అటూ ఇటూ. ఈ చిన్న గుణకారం తెలిసుంటే ఆ శనివారం మేం ఇంట్లో పెసరట్లు తింటూ ఉండేవాళ్లం!

ఐ-70 మీద మోరిసన్ నుంచి డాట్సెరో దాకా సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు ట్రాక్షన్ చట్టం అమల్లో ఉంటుంది. మంచుకి తగ్గ టైర్లైనా, ఆల్‌వీల్ డ్రైవ్ అయినా ఉండాలి, లేదంటే చెయిన్లు వెంట ఉండాలి. టైరు గాడి లోతు కనీసం అంగుళంలో పదహారింట మూడు వంతులు ఉండాలి. ఆల్‌వీల్ డ్రైవ్ ఉంది కదా అని ధైర్యపడకండి. అది బండిని కదిలించడానికే సాయపడుతుంది, ఆపడానికి కాదు. ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మామూలుగా అక్టోబరు మధ్యలోనే మూసేస్తారు కాబట్టి అతిథులకి అది చూపించాలంటే ముందే వెళ్లండి.

మరి మన ఊళ్లో భారీ స్నో ఎలా పడుతుంది? తూర్పు నుంచి వచ్చే తేమగాలి కొండల వైపు ఎగబాకుతూ చల్లబడినప్పుడు. ఆకులు రాలకముందే అలా పడితే ప్రమాదం ఎక్కువ. తడి స్నో అంతా ఆకుల మీద నిలిచిపోయి కొమ్మలు విరుగుతాయి, కరెంటు పోతుంది. 1997 అక్టోబరు 24, 25 తేదీల తుఫానులో డెన్వర్‌లో సుమారు 22 అంగుళాలు పడింది.

ఫ్రాస్ట్ అనే దొంగ

మన భాషలో పొగమంచూ మంచే, మంచుబిందువూ మంచే, స్నో కూడా మంచే. ఫ్రాస్ట్ మాత్రం లంబసింగి లాంటి చోట్ల తప్ప మనవాళ్లు పెద్దగా ఎరగరు. ఇది చప్పుడు లేకుండా వచ్చే దొంగ. ఆకాశంలో మబ్బు ఉంటే అది నేలకి దుప్పటి. మబ్బు లేని, గాలి లేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. చల్లగాలి నీళ్లలాగే పల్లానికి చేరుతుంది. అందుకే ఒకే వీధిలో మీ ఇంట్లో వంగమొక్క బతుకుతుంది, దిగువనున్న ఇంట్లో చస్తుంది.

సూచనలో 36 అని ఉంటే 32 కాదు కదా అనుకోకండి. థర్మామీటరు నేలకి ఐదారు అడుగుల ఎత్తున ఉంటుంది, మొక్క నేల దగ్గర ఉంటుంది. అక్కడ 32 కంటే తక్కువ ఉండొచ్చు. 33-36 మధ్య ఉండేట్టుంటే ఫ్రాస్ట్ అడ్వైజరీ, 32 కి దిగేట్టుంటే ఫ్రీజ్ వార్నింగ్ అంటారు. పగలు 70 ఉందని రాత్రిని నమ్మకండి. ఇక్కడి పొడిగాలిలో ముప్పై డిగ్రీలు దిగడం మామూలే.

వెచ్చదనం తిరిగొస్తే

ఇదీ అసలు తమాషా. మొదటి స్నో కరిగిన వారానికే మళ్లీ 70 డిగ్రీలు! పడమటి గాలి కొండలెక్కేటప్పుడు తేమని అటువైపే కురిపించేసి, పొడిగా ఇటువైపు దిగుతుంది. దిగేటప్పుడు ప్రతి వెయ్యి అడుగులకీ ఐదున్నర డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. 12,000 నుంచి 5,000 అడుగులకి దిగితే 38 డిగ్రీలు! దీన్నే చినూక్ అంటారు.

హాయిగానే ఉంటుంది కానీ ఈ వెచ్చదనానికి ఇంకో ముఖం ఉంది. 2020 సెప్టెంబరు స్నో కామెరాన్ పీక్ కార్చిచ్చుని కాస్త అణచింది. హమ్మయ్య అనుకున్నాం. తర్వాత వచ్చిన ఎండకీ గాలికీ అది అక్టోబరులో మళ్లీ చెలరేగి, రాష్ట్ర చరిత్రలోనే అతి పెద్ద కార్చిచ్చయింది. 2021 శరత్కాలం పొడిగా, వెచ్చగా గడిచింది. డిసెంబరు 30న కొండల మీంచి దూకిన పెనుగాలికి మార్షల్ ఫైర్ లూయీవిల్, సుపీరియర్ ఊళ్లలో వెయ్యికి పైగా ఇళ్లని కాల్చేసింది. మరుసటి రోజే స్నో పడింది! పొడిగాలి వీచే రోజుల్లో రెడ్ ఫ్లాగ్ వార్నింగ్ వస్తే పెరట్లో గ్రిల్లు వెలిగించకండి. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, సర్టిఫికెట్లు ఒకే సంచిలో పెట్టుకోండి.

చెయ్యాల్సిన పనులు

* రాత్రి ఉష్ణోగ్రత 50 కి దిగగానే కరివేపాకు కుండీ లోపలికి. ఆకులు రాలితే కంగారుపడి పారెయ్యకండి, నీళ్లు తగ్గించి కిటికీ దగ్గర పెట్టండి.
* ఫ్రీజ్ వార్నింగ్ రాగానే గోంగూరంతా కోసి పచ్చడి పెట్టెయ్యండి. పచ్చి టమాటాలు కూడా.
* మిగిలిన మొక్కల మీద పాత దుప్పట్లు నేలకి తగిలేలా కప్పండి. ప్లాస్టిక్ ఆకులకి తగలనివ్వకండి. పొద్దున్నే తీసెయ్యండి.
* గొట్టాలు పంపు నుంచి విప్పండి, స్ప్రింక్లర్ల నీళ్లు తీయించండి. నేల పైన కనబడే రాగి గొట్టమే ముందు పగిలేది.
* కారులో దుప్పట్లు, మంచినీళ్లు, కోట్లు ఉంచండి. బయలుదేరే చోటు కాదు, వెళ్లే చోటు సూచన చూడండి.

ఈసారి అమ్మానాన్నలు వస్తే మళ్లీ ఆస్పెన్ చెట్లు చూపిస్తాను. ముందు రోజు రాత్రి కనుమ మీద ఎంత చలి ఉంటుందో చూసి, అమ్మకి కోటు తొడిగించాకే కారు తీస్తాను.