జీపుకు ఫైబర్ టాప్: అపోహలు – వాస్తవాలు

2020లో వచ్చిన కొత్త థార్‌ను హార్డ్‌టాప్‌తోనే కొనుక్కోవచ్చు కాబట్టి ఆ యజమానులకు టాప్ చేయించుకునే తంటా లేదు. పాత ఎంఎం 540, జిప్సీ, గుడ్డ హుడ్డు థార్ ఉన్నవాళ్లే వానాకాలం ముందు ఫైబర్ షెడ్డుల చుట్టూ తిరుగుతుంటారు. వానల్లో బిగించుకుని, చలికాలంలో విప్పి పక్కన పెట్టుకునే టాప్ కావాలంటారు. కోరిక సబబైనదే. దాని చుట్టూ అల్లుకున్న మాటల్లోనే పొల్లు ఎక్కువ.

అపోహ: హార్డ్‌టాప్ ఉంటే బండి బోల్తా కొట్టినా తలకు ఢోకా లేదు.

టన్ను, టన్నున్నర బరువు మీద పడితే ఫైబర్ డొప్ప పగిలి ఊరుకుంటుంది. మనిషిని కాపాడేది సరిగ్గా బిగించిన రోల్ కేజ్, సీటు బెల్టు. టాప్ పని వాన, దుమ్ము, చప్పుడు ఆపడం వరకే. దాని నెత్తిన క్యారియర్ వేసి టెంటు, డీజిల్ డబ్బా ఎక్కిస్తామన్నా ఇదే మాట. ఆ బరువు క్యారియర్ కాళ్ల గుండా కేజ్‌కో, బాడీకో దిగాలి తప్ప ఫైబర్ మీద కూర్చోకూడదు.

అపోహ: ఎన్ని పొరల గాజునార మ్యాట్ వేస్తే అంత గట్టి.

లెక్క చూద్దాం. 1.2 మిల్లీమీటర్ల ఇనుప రేకు చదరపు మీటరుకు సుమారు 9.4 కిలోలు తూగుతుంది. చదరపు మీటరుకు 450 గ్రాములుండే మ్యాట్ మూడు పొరలు వేస్తే దాదాపు 3 మిల్లీమీటర్ల మందం వస్తుంది, బరువు నాలుగున్నర కిలోల దగ్గరే ఆగుతుంది. కానీ వంపును తట్టుకోవడంలో అది ఆ రేకులో సగమే. అందుకే చదునుగా పోసిన ఫైబర్ టాప్ గతుకుల్లో డప్పులా మోగుతుంది. మందం రెట్టింపు చేస్తే బిగువు ఎనిమిది రెట్లవుతుంది, నిజమే. బరువూ రెట్టింపై, ఇద్దరు ఎత్తే టాప్‌కు నలుగురు కావాలి. తెలిసిన మేస్త్రి పొరలు పెంచడు. నడినెత్తిన కాస్త ఉబ్బు ఇస్తాడు, పొడవునా గాళ్లు తీస్తాడు, లేదా రెండు పలుచని పొరల మధ్య 10 మిల్లీమీటర్ల పీవీసీ ఫోమ్ పెడతాడు. ఈ చివరి పద్ధతిలో బరువు పెద్దగా పెరగకుండానే బిగువు పదుల రెట్లు పెరుగుతుంది. బోల్టు పడే చోట మాత్రం ఫోమ్ తీసేసి, లోపల ఇనుప పట్టీ పొదగాలి. చాలా టాపులు మొదట చీరేది అక్కడే.

అపోహ: హార్డెనర్ ఇంకాస్త పోస్తే త్వరగా ఆరుతుంది, గట్టిగానూ వస్తుంది.

త్వరగా బిగుసుకుంటుంది, అంతవరకే నిజం. పాలిస్టర్ రెసిన్‌కు మామూలుగా బరువులో 1 నుంచి 2 శాతం హార్డెనర్ చాలు. మే నెల విజయవాడ ఎండలో ఆ తక్కువ పాళ్లకే మగ్గులోని రెసిన్ చూస్తుండగానే జావ అవుతుంది. బ్రష్షు వెంట తీగలు సాగుతాయి, మగ్గు చేతిలో కాలడం మొదలవుతుంది, మిగిలినదాన్ని అలాగే వదిలేస్తే పొగలు కక్కి పగుళ్లిస్తుంది. మౌల్డ్ మీద కూడా అదే వేడి. ఫైబర్ కుంచించుకుని అంచులు లేస్తాయి, పై రంగు పొరలో మ్యాట్ నార తేలి కనిపిస్తుంది. వేసవిలో తెల్లవారుజామునే, కొద్దికొద్దిగా కలుపుకోవడం తప్ప దీనికి మందు లేదు. ఇంకొకటి, ప్రాణం మీదికి వచ్చేది: రెసిన్ బిగువును త్వరపెట్టడానికి కలిపే కోబాల్ట్‌నూ హార్డెనర్‌నూ నేరుగా ఒకదానిలో ఒకటి పోయకూడదు. భగ్గుమంటుంది, పేలనూవచ్చు. ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో బాగా కలిపేసి, ఆ తర్వాతే హార్డెనర్ పోయాలి.

అపోహ: నీళ్లు కారితే సిలికాన్ పూస్తే సరి.

సిలికాన్‌తో అతికించాక అది విప్పే టాప్ ఎలా అవుతుంది? పైగా సిలికాన్ అంటిన చోట తర్వాత పెయింట్ నిలవదు. నీళ్లు ఆపాల్సింది రబ్బరు బీడింగ్. అది సమానంగా నొక్కుకోవాలంటే టాప్ అంచు బాడీ మీద సమానంగా కూర్చోవాలి. పాత జీపుల బాడీలు చాలావరకు చేతిపనివి. కుడివైపు కొలత ఎడమవైపు ఉండదు. అందుకే స్నేహితుడి బండి మీద తీసిన మౌల్డ్ మన బండికి సరిపోతుందని నమ్మకూడదు. సందు ఉన్న చోట బోల్టు బిగించి లాగితే ఇవాళ నీళ్లు ఆగుతాయి, రేపు ఫైబర్ చీరుతుంది.

అపోహ: గాలి కోసం వెనక అద్దం ఎత్తి నడిపితే హాయి.

పరిగెత్తే బండి వెనక గాలి ఒత్తిడి తగ్గి, సైలెన్సర్ పొగ లోపలికి లాక్కుంటుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. గాలి కావాలంటే పక్క కిటికీలు తెరుచుకునేలా చేయించుకోవాలి.

అపోహ: నట్లు విప్పితే ఊడొచ్చేదే కదా, ఆర్టీవో దాకా ఎందుకు?

ఊడొచ్చినా రోడ్డు మీద ఉన్నంతసేపూ అది బండిలో భాగమే. ఆర్సీ వివరాలకూ కంపెనీ ఇచ్చిన వివరాలకూ పొంతన లేని మార్పు చేయకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. కేరళ నుంచి వెళ్లిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరారు చేసింది. అదే ఏడాది చేసిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి మౌల్డ్‌కు మైనం పూయకముందే రవాణా శాఖ ఆఫీసులో అడగాలి, ఇన్సూరెన్సు వాళ్లకు రాతపూర్వకంగా తెలపాలి. ‘మాకు బ్రేకిన్‌స్పెక్టరు తెలుసులే’ అనే షెడ్డు యజమాని మాట క్లెయిము రోజున పనికిరాదు.

అద్దాలకూ నిబంధన ఉంది: సేఫ్టీ గ్లాసు గానీ సేఫ్టీ గ్లేజింగ్ గానీ వాడాలి, పక్క కిటికీల గుండా కనీసం 50 శాతం, వెనక అద్దం గుండా 70 శాతం వెలుతురు రావాలి. టఫెన్డ్ గ్లాసును తయారయ్యాక కోయడం కుదరదు, కోయబోతే నూకలవుతుంది. కాబట్టి టాప్ బండి మీద కూర్చుని, బీడింగ్ పట్టాక, ఆ సందుకే అట్ట కోసి చూసుకుని గ్లాసు ఆర్డరు పెట్టాలి.